కనబడని చుక్కలు

చదవలేదనే అనుకుంటుంది, అనుకోనీ. చదవనివాడు జవాబివ్వకపోతే తప్పేముంది, తప్పంతా చదివి ఊరకుండేవాడిదే కదా. తను చదివినట్టు ఆమెకు తెలిసే దారి లేదు కాబట్టి తనది ఇంకా తప్పు కాలేదు. దయానంద్ తనకు తాను ఇలా సర్దిచెప్పుకుంటూ, శనివారం సాయంత్రం చదివిన మాటలనే సోమవారం పొద్దున మళ్ళీ చదివాడు.

"కంచి ప్రాజెక్టుకు నన్ను అడుగుతున్నారు. రెండేళ్ళు. పోవాల్నా, వద్దా? నువ్వు చెప్పు. సోమవారం సాయంత్రంలోగా సార్‌కు చెప్పాల."

రాసింది రంగప్రియ. కూర్చునేది ఇదే ఆఫీసు మేడ మీద, సరిగ్గా అతని తల పైన. ఆమె కుర్చీ జరిపితే ఆ చప్పుడు కిందికి వినిపిస్తుంది.

అది తిరుపతిలో ఒక చిన్న సంస్థ. మఠాల నుంచి వచ్చే తాళపత్రాలను స్కాన్ చేసి, చదివి, టైపు చేసి తిరిగి పంపుతారు. చదవడం రంగప్రియ పని. ఆమెది గుడి కైంకర్యంలో ఉన్న కుటుంబం, ఆ పత్రాల్లో ఉండే గ్రంథలిపి చిన్నప్పుడే తండ్రి ఒళ్ళో కూర్చుని నేర్చుకుంది. కంప్యూటర్లు చూసుకోవడం దయానంద్ పని. పత్రాలకు ఎవరూ ఫోటోలు తీయకూడదని ఫోన్లు వాకిట్లోనే అల్మారాలో పెట్టించేస్తారు. అందుకని మేడకూ కిందికీ మధ్య మాటలన్నీ కంప్యూటర్‌లోని మెసేజి యాప్‌లోనే నడుస్తాయి. ఇంటికి వెళ్ళాక ఆమె ఆ యాప్ ముట్టుకోదు. అతను ఫోన్లో ముట్టుకుంటాడు, చదివినట్టు తెలిసిపోతుందని ఆమె పేరు మీద మాత్రం వేలు పెట్టడు.

ఆమె చేరిన రోజున మెసేజిల కంపెనీవాళ్ళు ఇచ్చే అసలు యాప్ ఆమె పాత మెషిన్‌లో బిగుసుకుపోయింది. తెర మధ్యలో గుండ్రం తిరుగుతూనే ఉంది. దయానంద్ మెట్లెక్కి వెళ్ళేసరికి ఆమె చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఇది కంప్యూటరా, గ్రైండరా? పొద్దున్నుంచి తిరుగుతానే ఉండాది, పిండి మాత్రం రాలే."

అతను నవ్వలేదు. నవ్వితే ఆమె ఎప్పుడు ఏ మాట అన్నా నవ్వవలసి వస్తుందేమోనని భయం వేసింది. ఆ వారమే అన్ని మెషిన్లలోనూ అసలు యాప్ తీసేసి, అవే మెసేజిలు నడిచే, ఓపెన్ సోర్స్ వాళ్ళు రాసిన తేలిక యాప్ పెట్టాడు. ముందు తన మెషిన్‌లో వేసుకుని, నచ్చినట్టు మార్చుకుని, ఆ సెట్టింగులనే అన్నిటికీ కాపీ చేశాడు. అందులో ఒక సౌకర్యం ఉంది. మెసేజి చదివినా చదివినట్టు అవతలివాళ్ళకు తెలియకుండా చేసుకోవచ్చు. టైపు చేస్తున్నట్టు కూడా.

"మనం ఎప్పుడు చదివినామో వాళ్ళకెందుకు సార్? మన గుట్టు మన దగ్గరే ఉండాల" అని అప్పుడు యజమాని త్రివిక్రమ్‌తో గట్టిగా వాదించాడు. తను సిద్ధాంతం కోసమే మాట్లాడుతున్నాననే నమ్మాడు.

ఇప్పుడు ఆ వాదనే తిరిగొచ్చి మీద పడింది. ప్రాజెక్టు ఇస్తున్న కంచి మఠంవాళ్ళు ఫిర్యాదు చేశారు. మీవాళ్ళకు మెసేజి చేరిందో లేదో, చదివారో లేదో ఎప్పుడూ తెలియదు, అసలు యాప్ పెట్టుకోండి అని. ఏది ఉంచాలో ఈరోజే తేల్చమన్నాడు త్రివిక్రమ్.

స్కానర్ దగ్గర పనిచేసే మునిశేఖర్ పక్కనుంచి పోతూ ఆగాడు. "ఏమబ్బా, మొగం సూస్తే సర్వర్ డౌనయినట్టుండాది."

"వానకు తలనొప్పి."

"వాన నిన్న కదా మొదులైంది. నువ్వు శనివారం నుంచే ఇట్లుండావే."

దయానంద్ తెరవైపు తిరిగాడు. నిన్న కార్వేటినగరం దగ్గర తమ ఊళ్ళో, చర్చిలో అమ్మ కృపామణి పక్కన కూర్చున్నంతసేపూ అతని మనసులో ఆ మెసేజే ఉంది. పోవద్దు అనడానికి తను ఎవరు? పో అంటే అబద్ధమవుతుంది. మనసులోనే రెండూ రాశాడు, రెండూ చెరిపాడు. ఇంకో సంగతి ఉంది, అదే అతన్ని ఎక్కువగా బాధించేది. ఇన్నాళ్ళుగా తను ఏదైనా పంపాక ఆమె పేరు పక్కన మూడు చుక్కల కోసం చూసేవాడు. మనిషి రాస్తూ ఉంటే కదిలే చుక్కలవి. ఒక్కసారైనా కదలలేదు. జవాబు ఎప్పుడూ పూర్తిగా, తడుముకోకుండా వచ్చి పడేది. తన విషయంలో ఆమెకు తడబాటే లేదు, తడబాటు లేనిచోట స్నేహమే గానీ మరేమీ ఉండదు అని ఆ కదలని చుక్కల మీద ఒక నిర్ధారణ కట్టుకున్నాడు. మెల్లగా దానిలో కాపురమే పెట్టాడు.

అందరి అభిప్రాయం అడగాలి కాబట్టి మేడ ఎక్కాడు. కిటికీ అవతల కొండ కనబడటం లేదు, ఉన్నచోట తెల్లటి మబ్బు నిలబడి ఉంది.

"నీకు ఏ యాప్ కావాల?" అన్నాడు తెరవైపు చూస్తూ.

"రెండిటికీ తేడా ఏంది?"

"అసలుది బరువు. ఈ మెషిన్లు మోయలేవు. కానీ కాల్స్ వస్తాయి, దేనికీ ఆగిపోదు. ఇది తేలిక. అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. అయితే దీని కోడంతా బయటే ఉండాది, ఎవురైనా సూడొచ్చు."

"కోడ్ బయట పెట్టినారు సరే. మనిషి బయటికి రావాలంటే ఏం చేయాలప్పా?"

అతను కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు.

"శనివారం నేను పంపింది చూసినావా?" అంది ఆమె.

"లే... ఇంకా చూడలే."

"సరే." ఒక తాళపత్రాన్ని గుడ్డ మీద పెట్టి, అంచు సరిచేసి, తల ఎత్తకుండానే అంది, "చూడకపోతే పోనీ. శుక్రవారం నేను రాసేది కనబడతానే ఉండింది కదా నీకు. అప్పుడైనా ఏమి ప్రియా, ఏం రాస్తా ఉండావు అని అడగొచ్చు కదా."

"ఏంది కనబడేది?"

"చుక్కలు. కంచివాళ్ళు రాస్తా ఉంటే నాకు కనబడతాయి కదా, అట్లనే నీకూ. అరపూట రాస్తా, చెరుపుతా ఉండినా. ఈ మనిషి కింద కూర్చోని నా తంటా అంతా చూస్తానే ఉండాడు, ఒక్క మాటైనా అడగడే, రాయి మాదిరి ఉండాడే అనుకున్నా. శుక్రవారం ఒక్కటే కాదులే."

దయానంద్ తెరవైపు వంగాడు. మౌస్ అందుకుని ఆమె మెషిన్‌లో సెట్టింగులు తెరిచాడు. చదివినట్టు తెలపాలి అన్నదాని పక్కన గడి ఖాళీ. టైపు చేస్తున్నట్టు తెలపాలి అన్నదాని పక్కనా ఖాళీ. తను దాక్కోవడానికి చేసుకున్న ఏర్పాటును ఇన్నాళ్ళూ ఆమె మీద కూడా కప్పి ఉంచాడు. ఆ చుక్కలు కదలడం లేదని మళ్ళీ తనే కుంగిపోయాడు.

"నాకు ఒక్క చుక్కా రాలే ప్రియా. ఎప్పుడూ రాలే."

"ఎందుకు రాలే?"

"నేనే ఆపినాను. నా మెషిన్‌లో ఆపుకొని, ఆ సెట్టింగులే అందరికీ వేసేసినాను. నీకు కూడా ఆగిపోతుందని తట్టలే."

ఆమె అతని వైపు తిరిగింది. "నీ మెషిన్‌లో ఎందుకు ఆపుకున్నావు?"

జవాబు తెలుసు. అతను మౌస్ వైరు సరిచేశాడు. ఆమె చూపు పైనున్న మొదటి గడి మీదికి పోయి ఆగింది.

"అంటే చదివినట్టు కూడా తెలీదా? అయితే శనివారం..."

"చదివినాను. నువ్వు పంపిన నిమిషమే చదివినాను. ఇప్పుడు నీకు అబద్ధం చెప్పినా."

వాన రేకుల మీద గట్టిగా పడింది. రంగప్రియ చేతిలోని పత్రాన్ని పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"నిన్న మా నాయన అడిగినారు, పోతావా అమ్మా అని. ఒకరి మాట కోసం చూస్తా ఉన్నా నాయనా అన్నా. ఎవురని అడగలే. ఆయనకు తెలుసు. తెల్లారి గుడి నుంచి తెచ్చిన విశ్వరూపం తీర్థం చేతిలో పోసి, ఆ మనిషి మాట్లాడతాడా అని మాత్రం అడిగినారు. మాట్లాడతాడు అని చెప్పినా."

దయానంద్ నోరు తెరిచాడు.

"ఇప్పుడొద్దు" అంది ఆమె. "ఎదురుగా నిలబడుకోని, నా మొగం చూసి జాలితో ఏదో ఒకటి అంటావు. కిందికి పో. ఒంటరిగా ఉన్నప్పుడు నీకేమనిపిస్తుందో అది రాయి."

అతను వంగి ఆమె మెషిన్‌లో రెండు గడులూ నింపాడు. మెట్ల దగ్గర త్రివిక్రమ్ ఎదురొచ్చాడు.

"ఏమప్పా, ఏది ఖాయం చేసినావు?"

"ఉన్నదే ఉంచుదాం సార్. చదివినట్టు తెలిసేట్టు మారుస్తాను."

"దీంట్లో అది కుదురుతుందా?"

"మొదటి నుంచీ కుదిరేదే సార్."

త్రివిక్రమ్ ఏమీ అర్థం కానట్టు చూసి పైకి వెళ్ళిపోయాడు.

తన కుర్చీలో కూర్చుని దయానంద్ తన గడులు కూడా నింపాడు. ఆమె మెసేజి తెరిచాడు. తను చదివాడన్న గుర్తు ఈ క్షణంలో పైన ఆమె ముందు నిలబడి ఉంటుంది. ఎవరో తలుపు తీసి, లోపల కూర్చున్న తనను కూర్చున్నట్టే చూసినట్టయింది. పారిపోవాలనిపించింది. టైపు చేయడం మొదలుపెట్టాడు. ఆగాడు. ఆగినట్టు కూడా ఆమెకు తెలుస్తుంది కదా అనుకున్నాడు. ఆ ఊహకు చిత్రంగా భయం కాస్త తగ్గింది. చెరిపాడు, మళ్ళీ రాశాడు. పైన కుర్చీ కదల్లేదు.

అప్పుడు ఆమె పేరు పక్కన మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఆమె ఏదో రాయబోయి మానుకుంటోంది. ఇన్నాళ్ళూ పైన ఇదే జరుగుతూ ఉండేదని అతను కళ్ళారా చూశాడు. తనలాగే ఇంకో మనిషి, తన తలకు పైనే. చుక్కలు పూర్తిగా ఆగిపోయాయి. మాట్లాడే వంతు ఆమె అతనికే వదిలిపెట్టేసింది.

అతను రాసింది ఒకసారి చదువుకున్నాడు.

"పో ప్రియా. అది నీ పని, నువ్వే చేయాల. కానీ పోయేముందు నన్ను మీ నాయన దగ్గరికి తీసుకుపో. నీ గురించి అడగాల. ఆయన కాదంటే ఏం చేయాలో నాకు తెలీదు, మా అమ్మ ఏమంటుందో కూడా తెలీదు. అయినా అడగాల."

బాగాలేదు. ఇంకా బాగా రాయవచ్చు. చిటికెన వేలు అలవాటుగా చెరిపే బటన్ మీదికి పోయింది. అక్కడే కాసేపు ఆగింది.

దాన్ని కిందికి జరిపి, ఎంటర్ నొక్కాడు.