పడమటి స్టాండు కింద గొంతు

కువైట్‌లో ఒక పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం. దాని పడమటి స్టాండు కింద పగలు వందమంది పనిచేస్తారు. పొద్దు గూకిందంటే మాత్రం... బతిమాలినా ఒక్కడు అటు అడుగు పెట్టడు.

ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగం పక్కన ఒక చీకటి నడవ ఉంది. అక్కడ రాత్రిళ్లు ఎవరో గోడతో మాట్లాడతారట. అరబ్బీ కాదు, హిందీ కాదు, బెంగాలీ కాదు... ఏ భాషో విన్నవాళ్లెవరికీ తెలియదు. మధ్యమధ్యలో టక్... టక్... అని చప్పుడు.

స్టేడియం కట్టేటప్పుడు ఒక కూలీ పైనుంచి పడి చనిపోయాడని చెప్పుకుంటారు. పద్దెనిమిదేళ్ల నాటి మాట. అతని పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత అక్కడ దేశదేశాల జట్లు ఆడాయి. జనం జెండాలు ఊపుతూ గొంతులు పోయేలా అరిచారు. ఇప్పుడు పాత కుర్చీలు పీకి, కప్పు మార్చి, అడుగున గదులు పడగొట్టి మళ్లీ కడుతున్నారు. గోడలు కదిపారు కాబట్టి ‘అది’ కూడా కదిలింది — అదీ పనివాళ్ల మాట. రెండు నెలల్లో ముగ్గురు వాచ్‌మన్లు మారిపోయారు.

నాలుగోవాడు హన్మాండ్లు. జగిత్యాల దిక్కు మనిషి. పదకొండేళ్లుగా గల్ఫ్‌లో ఉన్నాడు. దెయ్యాల మీద అతనికి నమ్మకం లేదు. మనుషుల మీద అంతకన్నా లేదు.

ఎందుకంటే సైట్‌లో రాగి కేబుల్ పోతోంది. ‘దెయ్యానికి రాగి తీగ ఎందుకు?’ — ఇదీ అతని అనుమానం. భయపెట్టి అందర్నీ దూరంగా ఉంచి, ఎవడో దర్జాగా మోసుకుపోతున్నాడు.

సెక్యూరిటీ సూపర్‌వైజర్ నౌమాన్‌ది ఇంకో రకం అనుమానం.

"మూడు వారాల నుంచి రాత్రి డ్యూటీ నీదే కదా మియా? శనివారం లోపల దొంగను చూపించు. లేకపోతే నీ పేరే రాస్తా. ఇఖామా పర్మిట్ ఖలాస్... ఇంటికే."

హన్మాండ్లు కన్ను స్టోర్‌కీపర్ లాల్ బాషా మీద పడింది. రాయచోటి మనిషి. దెయ్యం కథ అందరికన్నా ఇష్టంగా చెప్పేది అతనే.

"ఆ పక్కకు పోవద్దప్పా. చెప్తాండా కదా... అది మంచి జాగా కాదు."

నన్నెందుకు పోవద్దంటున్నాడు వీడు? హన్మాండ్లు తల ఊపాడు గానీ, మాట మనసులో పెట్టుకున్నాడు.

శుక్రవారం రాత్రి వచ్చింది. సెలవు రోజు. సైట్‌లో పురుగు లేదు. తెల్లారితే ఆ నడవ పడగొట్టడానికి మిషన్లు వస్తాయి. దొంగ వచ్చేదుంటే ఈ రాత్రే రావాలి.

ఒక ఇనుప పైపు పట్టుకుని, టార్చి ఆర్పేసి, హన్మాండ్లు సొరంగంలోకి దిగాడు. బయట వేడిగాలి. లోపల మాత్రం చల్లగా, తడి సున్నం వాసన. నాలుగు అడుగులు వేశాడు... ఆగాడు.

టక్... టక్... టక్...

ఆగిపోయింది. తర్వాత గొంతు.

సన్నగా, బొంగురుగా... ఎవరినో లాలిస్తున్నట్టు.

"భయపడమాకురా తమ్ముడూ... రేపు పడగొట్టేత్తారంట. నిన్నిక్కడ ఒగ్గేసి నేనెల్తానా? ఇంకాసేపు ఓర్చుకో... వచ్చేత్తావు... బయటికొచ్చేత్తావు..."

హన్మాండ్లు గోడకి ఆనుకుని చెవి ఒగ్గాడు.

అందరూ వింత భాష అన్నది — తెలుగు! మొదటి మాట నుంచి అతనికి అర్థమైపోతోంది. ఆ అర్థం కావడమే అతని ఒళ్లు చల్లబరిచింది. అర్థం కాకపోతే గాలి అనుకుని వెనక్కి పోయేవాడు. ఇప్పుడెలా పోతాడు?

లాల్ బాషా వేషమా? కాదు, ఇది రాయచోటి యాస కాదు. గోదావరి దిక్కు మాట. మరి గోడలోంచి బయటికి రావలసింది ఎవరు...?

చివరికి పళ్లు బిగబట్టి టార్చి నొక్కాడు.

వెలుగులో ఒక ఆకారం. తల తెలుపు, మొహం తెలుపు, కనురెప్పలు కూడా తెలుపే. రెండు ఎర్రటి కళ్లు అతన్నే చూస్తున్నాయి.

పైపు పైకెత్తాడు.

అంతలో... ఆ దెయ్యానికి దగ్గు వచ్చింది. ఆగకుండా దగ్గింది. దగ్గిన కొద్దీ మొహం మీది సిమెంటు దుమ్ము రాలింది.

బుల్లిరాజు! రోజూ సాయంత్రం నీళ్ల ట్యాంకర్ తెచ్చే ముసలి డ్రైవరు. చేతిలో ఉలి, సుత్తి.

భయమంతా ఒక్కసారిగా కోపమైంది. "నువ్వా కాకా! కేబుల్ ఏడ దాచినవ్?"

"కేబులేంటి బాబూ?" అన్నాడు ముసలాయన. పక్కకు జరిగి గోడ చూపించాడు.

కాంక్రీటులో ఒక అరచెయ్యి దిగబడి ఉంది. అయిదు వేళ్లూ స్పష్టంగా. కింద మేకుతో గీసిన అక్షరాలు: రాజా.

"మా తమ్ముడండి. ఇద్దరం ఇక్కడే కట్టాం. తడి సిమెంట్లో చెయ్యెట్టి, ‘అన్నయ్యా, ఇక్కడ దేశాలు ఆడతాయి, మన చెయ్యి చూత్తా ఉంటది’ అన్నాడు. రెండో రోజు పైనుంచి పడిపోయాడు."

హన్మాండ్లు పైపు గోడకు ఆనించి పెట్టాడు.

"పెట్టెలో పంపారు. తెరవొద్దన్నారు. మా మరదలు మొహం కూడా చూసుకోలేదు బాబూ. ఇన్నేళ్లూ అడుగుద్ది... అందులో నిజంగా ఆయనే ఉన్నాడా బావగారూ అని."

సుత్తి కింద పెట్టాడు. "నన్ను పట్టియ్యండి. మీ ఉద్యోగం నిలబడుద్ది. తెల్లారేదాకా మాత్రం ఆగండి."

హన్మాండ్లు టార్చి వేసి చూశాడు. ఆ చేతి చుట్టూ రాత్రుల తరబడి కొట్టిన గాడి... రెండు పక్కలే పూర్తయింది. ఉలితో ఇంకో నెల పడుతుంది. చేతికి దొరికిన దొంగ. దక్కిన ఉద్యోగం. నౌమాన్‌కి ఒక్క ఫోన్ చాలు.

రాత్రిపూట స్టోర్ తాళాలు అతని నడుముకే ఉంటాయి. వెళ్లాడు. తిరిగి వస్తే చేతిలో కాంక్రీటు కోసే మిషన్. గల్ఫ్‌కొచ్చిన కొత్తల్లో నాలుగేళ్లు అతను చేసింది ఆ పనే.

"పక్కకు జరుగు కాకా. కండ్లు మూస్కో."

మిషన్ మోత స్టేడియమంతా మార్మోగింది. దూరంగా పనివాళ్ల గదుల్లో లైట్లన్నీ వెలిగాయి. తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు.

పొద్దున్నే నౌమాన్ గోడలో నలుచదరపు కంత చూసి, హన్మాండ్లు మొహం చూశాడు.

"ఎవడు?"

"నేనే కోసిన సార్." ఎందుకో చెప్పలేదు. పడగొట్టే గోడ కాబట్టి పోలీసుల దాకా పోలేదు. స్టేడియం డ్యూటీ మాత్రం పోయింది. సులైబియాలో, ఎండలో, ఒక ఇనుప సామాను యార్డుకి మార్చారు. కేబుల్ దొంగ ఎవరో ఈనాటికీ తేలలేదు. లాల్ బాషా మీద అతనికి అనుమానం ఇంకా పోలేదు.

ఆ గోడముక్క పెట్టి ఖైతాన్‌లో కార్గోకి వేసిన పెట్టె నెలన్నరకి ఊరు చేరింది. ఆ రాత్రి బుల్లిరాజు ఫోన్ చేశాడు.

"అందిందా కాకా?"

"అందింది బాబూ. పొద్దున పెట్టె విప్పారంట. ఆ చేతి మీద మా మరదలు చెయ్యెట్టి... ‘ఈయనే’ అందంట. చిటికెనవేలు వంకర చూసి గుర్తుపట్టిందంట. ఇప్పటికీ చెయ్యి తియ్యలేదంట బాబూ."