గట్టిమేళం మోగేలోపు

మొదటి ఇంజనీరు తన కొడుకు బారసాలలో కుప్పకూలాడు, బ్యాండు హోరెత్తుతున్న వేళ. రెండోవాడు సొంత గృహప్రవేశం నాడు, వాకిట్లో బాణసంచా పేలుతుండగా, పాలు పొంగకముందే పోయాడు. చూసినవాళ్లంతా గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టమ్‌లో మాత్రం ఇద్దరి మెడ మీదా చీమ కుట్టినంత గాటు కనిపించింది. శత్రు సబ్‌మెరైన్లను పసిగట్టే సోనార్ ప్రాజెక్టుకు ఆయువుపట్టులాంటి వాళ్లు ముగ్గురే. మిగిలింది తిరుమలరావు. ఆయన కూతురి పెళ్లి ఈ రోజే, బొబ్బిలిలో.

"అమ్మీ, ఇయాల కనకాంబరాలు దిగుతాయి. సూసుకో," అన్నాడు ఫోనులో అప్పలసూరి.

లోకానికి ఆయన శ్రీకాకుళం పూల వ్యాపారి. పద్మకుమారికి మాత్రం సీక్రెట్ సర్వీస్‌లో చీఫ్. కనకాంబరాలంటే హంతకుడు. బ్లాక్ టైడ్ అనే విదేశీ ముఠా పంపిన మనిషి. వాడి ఆయుధం గ్యాస్‌తో దూసుకొచ్చే విషపు డార్ట్. అది పేలితే కొబ్బరికాయ కొట్టినంత చప్పుడవుతుంది. అందుకే వాడికి ప్రతిసారీ ఏదో ఒక పెద్ద హోరు కావాలి.

"పెళ్లికూతురు తండ్రిని పక్కకి తప్పించీలేమా మావా?"

"ఆయన రానంటన్నాడే. తల్లి లేని పిల్ల, కన్యాదానం నేను కాపోతే ఎవులు సేస్తారని మొండికేసినాడు. సరే గానీ, నీ నెత్తిన ఇయాల మూడు పెళ్లిళ్లున్నాయి కదేటి? మిగతా రెండూ ఒగ్గీ."

"ఒగ్గను మావా. ఒక్క పనే ఉంటే నాకు నిద్దరొస్తాది."

గొప్పకి అన్న మాట కాదది. ట్రైనింగ్‌లో ఒక్క టార్గెట్ పెడితే పద్మకుమారి గురి తప్పేది. నాలుగు ఒకేసారి లేపితే నాలుగూ కొట్టేది. ఆ సంగతి గమనించే అప్పలసూరి ఆమెకు ఈవెంట్ మేనేజర్ వేషం కట్టించాడు. పెళ్లిళ్ల సీజన్‌లో నిలబడి నీళ్లు తాగే తీరిక లేని వేషం. ఎవరి మనసులోనూ అనుమానం పుట్టించని వేషం.

కల్యాణమండపంలో అడుగు పెట్టగానే మొదటి ఫోను మోగింది. నరసన్నపేట పెళ్లి చూసుకుంటున్న అసిస్టెంట్ యమున.

"అక్కా, పెళ్లికొడుకు మావ అలిగీసినాడు. కాఫీ సల్లారిపోనాదంట."

"మల్లీ కాయించి నువ్వే పట్టికెల్లి ఇయ్యి. సెక్కర రెండు సెంచాలు ఎక్కువెయ్యి."

అది పెట్టేసరికి రెండోది. శ్రీకాకుళం చర్చి నుంచి పెళ్లికూతురి తల్లి ఎలీసమ్మ. కేకు రాలేదు, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టేస్తున్నారు. "గేటు కాడికొచ్చీసినాదండి, వేనోడికి దారి సూపించండి," అంటూనే పద్మకుమారి కళ్లు హాలంతా గాలిస్తున్నాయి. వడ్డన కుర్రాళ్లు, పూలవాళ్లు, కెమెరావాళ్లు. వీళ్లలో ఎవడో ఒకడు చంపడానికే వచ్చాడు. ఎడమచేతి గాజును ఓసారి తడుముకుంది. తిప్పితే మత్తుమందు సూది బయటికొచ్చే గాజు అది.

మేకప్ గదిలో రేఖ ఎదురుచూస్తోంది. విజయనగరంలో పుట్టి, బెంగళూరులో మెరుగులు దిద్దుకున్న బ్రైడల్ మేకప్ ఆర్టిస్ట్. ఆమె నవ్వితే ఎదుటివాడు అడగకుండానే రహస్యాలు చెప్పేస్తాడు. బ్లాక్ టైడ్ జీతం తింటూ వాళ్ల గుట్టు మనకు చేరవేసే డబుల్ ఏజెంట్.

"మంగళసూత్రం కట్టేటప్పుడు," అంది రేఖ అద్దంలోకి చూస్తూ. "గట్టిమేళంలో డార్ట్ చప్పుడు కలిసిపోతుంది. మనిషెవరో నాకూ తెలీదు."

"ఖాయమేనా?"

"నా ప్రాణం మీద ఒట్టు."

అంతలోకే రెండు ఫోన్లూ కలిసి మోగాయి. పద్మకుమారి తల ఊపి బయటికొచ్చేసింది. వెయిటర్ వేషంలో ఉన్న గిరిబాబుకు చెవిలోని ఇయర్‌పీస్‌లో ఆర్డరిచ్చింది. తాళి వేళకు మనుషులతో లోపలుండాలి, ఈలోగా వంటశాలా కార్ల షెడ్డూ గాలించాలి.

పెళ్లికూతుర్ని బుట్టలో తెచ్చారు. మధ్యన తెర పట్టారు. కూతురి పక్కన కూర్చున్న తిరుమలరావు కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు. ఎందుకో పద్మకుమారికి మనసు కుదుటపడలేదు. ఏదో పొరపాటు జరుగుతోంది. ఏదో అంతుపట్టడం లేదు.

మళ్లీ యమున. ఏడుపొక్కటే తక్కువ.

"అక్కా, కొంప ములిగిపోనాది! జీలకర్ర బెల్లం ముద్ద కనిపించట్లేదు. మేళమోల్లు తయారుగున్నారు. ముహూర్తం దాటిపోతే మనల్ని బతకనియ్యరు!"

"వంటోల్ల కాడ జీలకర్ర అడుగు, బెల్లమేసి అప్పుటికప్పుడు నూరించు..." అంటూనే పద్మకుమారి కొయ్యబారిపోయింది.

ముహూర్తమంటే జీలకర్ర బెల్లం. తాళి ఆ తరవాతి సంగతి. తల మీద ఆ ముద్ద పెట్టే క్షణానికే మొదటి గట్టిమేళం మోగుతుంది. రోజూ చూసేదే. ఆ హోరుండగా హంతకుడు తాళి దాకా ఎందుకు ఆగుతాడు? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడ్డట్టు తానే పప్పులో కాలేసింది. మరి వందల మంది పెళ్లికూతుళ్లను ముస్తాబు చేసిన రేఖకు తెలియదా? తెలిసే చెప్పింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. రేఖ అటు తిరిగిపోయింది.

పద్మకుమారికి మొదటిసారి భయమేసింది. గిరిబాబు మనుషులు షెడ్డులో ఉన్నారు. పంతులుగారు అప్పుడే వాచీ చూసుకుంటున్నారు.

ఏర్పాట్ల కోసమని డోలు సూరయ్య చెవిలోనూ పొద్దున్నే ఒక ఇయర్‌పీస్ పెట్టించి ఉంది.

"సూరయ్య మావా, పంతులుగారు సెయ్యెత్తినా వాయించకు. నే సెప్పాకే."

"అదేటమ్మీ! అపచారం కదేటి!"

"ఒక పేనం నిలబడతాది మావా. నా మాటిను."

తల తిప్పి చూసింది. కెమెరావాళ్లంతా అలవాటు ప్రకారం వేదిక చుట్టూ మూగి చుట్టాలకు పెళ్లి కనిపించకుండా చేస్తున్నారు. ఈ క్షణాన్ని ముఖాముఖి తియ్యకపోతే ఏ కెమెరావాడికీ అన్నం పుట్టదు. అలాంటిది ఒక్కడు మాత్రం బాల్కనీలో ఒంటరిగా, పొడవాటి లెన్సుతో కదలకుండా ఉన్నాడు. ఆ లెన్సు వధూవరుల వైపు లేదు. తిరుమలరావు మెడ వైపు ఉంది.

"గిరీ, రేఖని వొగ్గకు!" అంటూనే చెప్పులు విడిచేసి మెట్లెక్కింది.

పంతులుగారు చెయ్యెత్తారు. "గట్టిమేళం!"

మేళం మోగలేదు.

"గట్టిమేళం... గట్టిమేళం!"

డోలు మీదికి లేచిన కర్ర గాల్లోనే ఆగిపోయింది. అంత పెద్ద హాలూ బిక్కచచ్చిపోయింది. ఎవరో ముసలమ్మ "ఇదేటి అపశకునం!" అంది. కెమెరాలో దాచిన ట్రిగ్గర్ మీద వేలు బిగించినవాడు ఆ నిశ్శబ్దానికి తడబడ్డాడు. వాడు లెక్క వేసుకున్న హోరు రాలేదు. లెన్సు మీంచి కన్ను తీసి మేళగాళ్ల వైపు చూశాడు.

ఆ రెప్పపాటే చాలింది. పద్మకుమారి వెనక నుంచి వాడి గొంతు మోచేత్తో బిగించి, గాజు సూది మెడలో దింపింది.

"ఇప్పుడు వాయించు మావా!"

డోళ్లూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. తెర జారింది. అక్షింతలు కురిశాయి. పైన ట్రైపాడ్ కూలిన చప్పుడూ, వాడి కేకా, గురి తప్పిన డార్ట్ సీలింగులోని థర్మాకోల్ తామరపువ్వును చీల్చిన శబ్దమూ ఆ హోరులో కలిసిపోయాయి. వాడికి కావలసిన గట్టిమేళం వాడి కేకనే మింగేసింది.

వంటశాల గుమ్మంలో గిరిబాబు రేఖకు అడ్డు నిలబడ్డాడు.

"బోయినం సెయ్యకుండా ఎల్లిపోతే పెళ్లివోరికి మాటొస్తాది మేడమ్," అన్నాడు మర్యాదగా, చేతిలోని స్టీలు పళ్లెం కింద పిస్టల్ మొన కనబడేలా.

రేఖ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

అప్పగింతలకు ముందు తిరుమలరావు పద్మకుమారిని వెతుక్కుంటూ వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నెత్తినిండా అక్షింతలు.

"ఎవలెవలో ఏటేటో బెదిరించినారు. ఏటీ అవలేదు. అంతా దివ్యంగా జరిపించినావమ్మా. ఒక్కటే లోటు. ఆ గట్టిమేళం ఆలీసం సేసినారు సూడు, అప్పుడు మాత్రం నా పేనం పోయినంత పనైనాది."

"తప్పు మాదేనండి బాబూ," అంది పద్మకుమారి.