సుంకన్న తుపాకి ముందుకర్ర

కర్ర లోపల ఏమీ లేదు.

దస్తగిరి సాహెబు దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. బోర్లించి తట్టాడు. గట్టిపడిన పాత గ్రీజు పెచ్చు ఒకటి ఊడి బల్ల మీద పడింది.

"పటం లేదక్కా," అన్నాడు. "చీటీ లేదు, చిల్లు కూడా లేదు. వట్టి కర్ర."

ఎదురుగా స్టూలు మీద కూచున్న మద్దిలేటమ్మ ముఖం వాడిపోయింది. ఆ కర్ర మీద పెట్టుకున్న ఆశతోనే ఆమె తెల్లారి బస్సెక్కి నంద్యాల దాకా వచ్చింది.

ఆ రెండు గొట్టాల పాత తుపాకి ఆమె తండ్రి బోయ సుంకన్నది. అలాంటి తుపాకులకు గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే ముందుకర్ర ఒకటి ఉంటుంది. మామూలుగా అది తొమ్మిదంగుళాలు. నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తున్న దస్తగిరి చేతికి ఎనిమిదివీ వచ్చాయి, పదివీ వచ్చాయి. ఇది పదమూడు! చివరి నాలుగంగుళాలు ఎవరో వేరే కర్ర అతికించారు. అంత పొడుగు ఎందుకో అర్థంకాక, సుంకన్న అందులో ఏదో దాచాడని చూసినవాళ్లంతా అనుకున్నారు.

సుంకన్న దాచింది నిజమే, కానీ కర్రలో కాదు. మద్దిలేటమ్మ మూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, దొంగల భయానికి చింతలగుంత ఊరి పెద్దలు గ్రామదేవత సుంకులమ్మ వెండి ముఖాన్ని గోనెలో చుట్టి, రాగితీగ బిగించి, లక్క ముద్ర వేసి అతని చేతికిచ్చారు. అడవిలో దాచి తిరిగొస్తుంటే పాము కరిచింది. ప్రాణం పోయేముందు భార్యతో, "గబ్బిలాల గవి. మూతి కాడినుంచి ఎడమ గోడెంబడి నలభై మూరలు. ఆడ సెయ్యెత్తు, అందుతాది," అన్నాడు. ఆమె ఆ గుహకు పోయి కొలిచింది, చెయ్యెత్తింది. రాయి తప్ప ఏమీ తగల్లేదు. ఊరు సుంకన్నను దొంగను చేసింది. చింతలగుంత జాతరలో ఇంటింటినీ పేరుపెట్టి పిలుస్తారు, పిలిచిన ఇంటివాళ్లు "ఉన్నాం" అని పలికి తీర్థం తీసుకుంటారు. ఆ ఏటి నుంచి సుంకన్న ఇంటిని పిలవలేదు. ఆ పిలుపు కోసం చూసిచూసి తల్లి పోయింది.

"వచ్చే మంగళవారమే జాతర. కొత్త ముఖం చేపిచ్చినారు," అంది మద్దిలేటమ్మ. "పాతది మా నాయన ఎత్తుకపోయినాడని పలక చెక్కిచ్చి గుడి గోడకు పెడ్తారంట. నోటి మాటయితే ఎప్పుడో ఒకప్పుడు పోతాది. రాతి మీదికెక్కినాక ఇంగ పోతాదా సాయిబూ?"

దస్తగిరి రంపం అందుకున్నాడు. మాట తోచనప్పుడు చేతికి పని చెప్పడం అతని అలవాటు. "పోనీ, ఈ అతుకు కోసేసి సక్కగ తొమ్మిదంగుళాలు చేసియ్యనా?" అంటూ రంపం ఆనించేశాడు కూడా.

"ఆగు!" మద్దిలేటమ్మ అతని మణికట్టు పట్టుకుంది. "మా నాయన చెయ్యి పట్టిన కర్ర. అట్లే ఉండనీ."

దస్తగిరి సిగ్గుపడి రంపం పక్కన పెట్టాడు. ఆ సిగ్గులోనే అనేశాడు: "మీ యమ్మది ఆడమనిషి చెయ్యి గదా, మూర పొట్టిదయ్యుంటాది. పా, ఈసారి నా చేత్తో కొలుద్దాం."

మర్నాడు పొద్దున్నే అడవి దోవలన్నీ తెలిసిన చెంచు బయ్యన్న వెంట ఇద్దరూ నల్లమలలో అడుగుపెట్టారు. అడవిలోకి తుపాకి తేకూడదు కాబట్టి అది దుకాణంలోనే ఉండిపోయింది. ముందుకర్రను మాత్రం మద్దిలేటమ్మ సంచిలో పెట్టుకుంది, తండ్రి తోడున్నట్టు ఉంటుందని. రాళ్ల వాగు దాటి, వెదురు పొదలు తప్పించుకుంటూ, జారుడు బండల మీద చేతులూ కాళ్లూ వేసి పాకుతూ మిట్టమధ్యాహ్నానికి గవి చేరారు. మూతి దగ్గర బయ్యన్న వంగి నేల చూశాడు.

"ఎలుగు పెంట. పాతదేలే, రాండి," అన్నాడు ధీమాగా.

లోపల గబ్బిలాల కంపుకు కళ్లు మండాయి. బయ్యన్న టార్చి పట్టాడు. దస్తగిరి గోడకు మోచెయ్యి ఆనించి, వేలి కొస దగ్గర సుద్దతో గీత గీసి, మళ్లీ గీత మీద మోచెయ్యి పెట్టి, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ సాగాడు. నలభై అయింది. చెయ్యెత్తాడు. నున్నటి రాయి. అటూ ఇటూ తడిమాడు, మడమలెత్తి తడిమాడు.

"ఏం లేదక్కా."

మద్దిలేటమ్మ అక్కడే చతికిలబడింది. "మా యమ్మ ఈడనే నిలబడింటాది. ఇట్లే ఏడ్సింటాది," అంటూ సంచిలోంచి కర్ర తీసి గుండెకు హత్తుకుంది.

టార్చి వెలుగు ఆ కర్ర మీద పడింది. దస్తగిరి చూపు దాని కొస మీద ఆగిపోయింది. చెయ్యి పట్టిన చోట ఏ కర్రయినా చెమటకు నల్లబడి నునుపెక్కుతుంది. ఇది మధ్యలో కొత్తదానిలా ఉంది. నలుపంతా అతికించిన ఆ నాలుగంగుళాల మీదే ఉంది.

"ఓరి నా బుద్ధి మండ!" అని అరిచాడు. పైన గబ్బిలాలు లేచాయి. "అక్కా, మీ నాయన పొడుగు మనిషా?"

"నాకేం తెలుసు, మూడేండ్ల దాన్ని. గడప దాటాలంటే నడుము వంచాల్సిందేనని మా యమ్మ అంటుండె."

"అదీ సంగతి! మామూలు కర్ర ఆయప్ప చేతికి చాల్లేదు. చెయ్యి కర్ర దాటి గొట్టాల మీద పడుతుండె. నాలుగు తూటాలు పేలిస్తే గొట్టం పెనం మాదిరి కాల్తాది. చెయ్యి కాల్తుంటే కర్ర అతికిచ్చుకున్యాడు, దాచేదానికి కాదు! నాకంటే చెయ్యి నాలుగంగుళాలు పొడుగంటే, మోచేతి కింద రెండు. మూరకు రెండు, నలభై మూరలకు ఎనభై అంగుళాలు. ఇంగ ఏడడుగులు ముందుకు పోవాల!"

ఏడడుగులు ముందుకు నడిచారు. దస్తగిరి చెయ్యెత్తితే అక్కడా రాయే. కానీ ఈసారి అతను నవ్వాడు. "ఆయప్ప చెయ్యెత్తితే అందేది నాకెట్లా అందుతాది? బయ్యన్నా, నా భుజాలెక్కు!"

బయ్యన్న ఎక్కాడు. "సందుంది సాయిబూ! చెయ్యి పోతాంది... గోనె తగుల్తాంది! జారి లోపలికి పోయింది, పట్టు చిక్కడంల్యా."

అంతలో గవి లోతుల్లోంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. పాత పెంట తాలూకు ఎలుగుబంటి ఇంకా ఆ ఇంట్లోనే కాపురముంది.

"పాతదన్యావు గదరా!" అంటూ దస్తగిరి వెనక్కి అడుగేశాడు. భుజాల మీద బయ్యన్న ఊగాడు. ముగ్గురి దగ్గరా కలిపి ఉన్న ఆయుధం తుపాకి కాదు, తుపాకిలో ఒక ముక్క.

"దిగు బయ్యన్నా! ప్రాణాలు పోతే ముఖమెందుకు?" అంది మద్దిలేటమ్మ. ఆ మాట మనసారానే అంది.

"కర్ర ఇయ్యమ్మా! బిరీన!" అంటూ బయ్యన్న పైనుంచి చెయ్యి చాపాడు.

ముందుకర్ర వెనక కొసకు గొట్టాలను పట్టుకునే ఇనప కొక్కెం ఉంటుంది. బయ్యన్న కర్రను సందులోకి దూర్చి గెలికాడు. కొక్కెం రాగితీగకు తగులుకుంది. ఒక్క లాగు లాగాడు. మూటా, కర్రా, మనిషీ కలిసి దస్తగిరి మీద పడ్డారు.

"గోడకు అతుక్కోండి! దోవ ఇడ్సండి! కదలొద్దు!" అన్నాడు బయ్యన్న.

ముగ్గురూ ఊపిరి బిగబట్టి గోడకు ఒత్తుకున్నారు. నల్లటి ఆకారం రొప్పుకుంటూ వచ్చింది, దాని బొచ్చు దస్తగిరి మోకాలికి రాసుకుంది. టార్చి వెలుగుకు బెదిరి, వీళ్లకంటే ఎక్కువ భయపడి, గవి మూతి వైపు ఒకటే పరుగు తీసింది. వెదురు పొదలు విరిగిన చప్పుడు దూరమైపోయింది.

బయటపడ్డాక బండ మీద కూలబడ్డారు. దస్తగిరి అల్లాను, బయ్యన్న మల్లన్నను తలుచుకున్నారు. అందరికంటే ముందు నవ్వింది మద్దిలేటమ్మే. ఆ నవ్వు ఆగక ఏడుపైంది, ఏడుపు ఆగి మళ్లీ నవ్వైంది. ఒళ్లోని మూట మీద ఊరి పెద్దలు వేసిన లక్క ముద్ర పగలకుండా అట్లాగే ఉంది. సుంకన్న దాన్ని విప్పి కూడా చూడలేదు. రంపం రెండు సార్లు ఆడి ఉంటే ఏమయ్యేదోనని తలుచుకుని దస్తగిరి కర్ర మీది అతుకును వేళ్లతో తడిమాడు.

మంగళవారం చింతలగుంతలో ఊరందరి ముందు పూజారి ఆ ముద్ర పగలగొట్టాడు. అమ్మవారి పాత ముఖం నల్లబడి ఉంది, చింతపండుతో తోమితే ధగధగలాడింది. చెక్కించిన పలకను తిరగేసి భక్తులు కాళ్లు కడుక్కునే చోట పరిచారు. ఊరి పెద్ద మద్దిలేటమ్మ ముందు చేతులు జోడించి, "తప్పయింది తల్లీ," అన్నాడు.

తర్వాత డప్పు మోగింది. పూజారి తీర్థం చెంబు పట్టుకుని వరస మార్చి మొదటి పిలుపు పిలిచాడు.

"బోయ సుంకన్న ఇల్లు!"

మద్దిలేటమ్మ ఆ పిలుపు ఎవరికోనన్నట్టు చుట్టూ చూసింది. ఊరంతా ఆమె వైపు తిరిగింది. పక్కనే నిలబడ్డ దస్తగిరి మోచేత్తో మెల్లగా పొడిచాడు. "పలుకక్కా, నిన్నే."

ఆమె తండ్రి పొడుగు కర్రను రెండు చేతులా పైకెత్తింది.

"ఉన్నాం!" అంది.