నడిరోడ్డు మీద పాఠం

పొద్దున్నే వంటింట్లో మాతే అనే ఆకు టీ గిన్నె ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి తిరుగుతోంది. ఒకే గొట్టంతో అందరూ పీల్చాలి కాబట్టి, ఎంత పోట్లాడుకుంటున్నా తన వంతు వచ్చినవాళ్లు కాసేపు నోరు మూసుకోక తప్పదు. కోర్దోబా నగరంలో సంసారాలు నిలబడుతున్నది అందువల్లేనని నోరా నమ్మకం.

ఆమె భర్త అబెలార్దో సిటీ బస్సు డ్రైవరు. కూతురు లూర్దెస్ ప్రభుత్వ యూనివర్సిటీలో చరిత్ర చెబుతుంది. కొత్త ప్రభుత్వం యూనివర్సిటీలకిచ్చే డబ్బుకు కోత పెట్టింది. ఆ ప్రభుత్వానికి ఓటేసినవాడు తండ్రి, దానికి వ్యతిరేకంగా జెండా పట్టుకు తిరుగుతున్నది కూతురు.

“ఊరికే వచ్చే చదువుకి విలువుండదే అమ్మాయ్. సోమరిపోతులు తయారవుతున్నారు అక్కడ.”

“నేనూ ఊరికే చదివాను నాన్నా. నేనూ సోమరిపోతునేనా?”

“ఇంత చదివి, బస్సు తోలేవాడి కంటే తక్కువ తెస్తున్నావు. మామయ్య కొట్లో పని ఉంది. ఇవాళే తేల్చుకో!”

“ముందు ఆ గిన్నె ఇటివ్వండి, చల్లారిపోతోంది. దేశాన్ని తర్వాత ఉద్ధరించుకోవచ్చు,” అంది నోరా.

లూర్దెస్ సంచి తగిలించుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం అబెలార్దో బస్సు యూనివర్సిటీ ముందు ఆగిపోయింది. నిరసనగా మేష్టర్లు వీధిలోనే పాఠాలు చెబుతున్నారు. దారికి అడ్డంగా బోర్డు, దాని ముందు రోడ్డు మీదే కూర్చున్న విద్యార్థులు. బోర్డు పక్కన లూర్దెస్.

“సోమరి వెధవలు! పోనియ్యవయ్యా డ్రైవరూ, వాళ్లే లేస్తారు!” వెనక సీట్లోంచి ఎవరో అరిచారు.

తన మాటే పరాయి నోట వినేసరికి అబెలార్దో చెవులు కాలాయి.

“అది మా అమ్మాయి,” అన్నాడు.

అతను ఇంజను ఆపి దిగాడు.

తండ్రిని చూసి లూర్దెస్ మొహం పాలిపోయింది. అరుస్తాడనుకుంది. అతను వెళ్లి కాలిబాట అంచున కూర్చున్నాడు. ఫీజులు ఎత్తేశాక కూలివాళ్ల పిల్లలు మొదటిసారి ఆ యూనివర్సిటీ గుమ్మం తొక్కిన రోజుల గురించి చెబుతోంది ఆమె. పాఠం ముగిశాక విద్యార్థులు లేచి చాలాసేపు చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఏడవడానికేముందో అతనికి అర్థం కాలేదు.

“బాగా చెప్పావు తల్లీ,” దగ్గరికెళ్లి గొణిగాడు. “రేపూ ఇక్కడేనా? బస్సు వేరే దారిన తిప్పుకుంటాలే.”

“రేపు లేదు నాన్నా. పొద్దున రాగానే రాజీనామా ఇచ్చేశాను. సోమవారం వస్తానని మామయ్యతో చెప్పు.”

“పిచ్చిదానా! కోపంలో ఏదో అన్నాను. వెళ్లి వెనక్కి తీసుకో.”

“కుదరదు. ఖాళీ అయిన ఉద్యోగం మళ్లీ ఎవరికీ ఇవ్వరట. అలాగని కొత్త ప్రభుత్వం ఆర్డరు.”

వెనక హారన్లు మోగుతున్నాయి. పంతం పట్టి అడిగింది అతనికి దక్కింది. యూనిఫారం చొక్కాతో కళ్లు తుడుచుకుంటూ, కూతురి చెయ్యి వదలకుండా అబెలార్దో నడిరోడ్డు మీద అలాగే నిలబడిపోయాడు.