ఆల్టెన్‌వార్ట్ కోటలో దొంగమెట్టు

మా ఆల్టెన్‌వార్ట్ కోట బురుజు ఎక్కేటప్పుడు చీకట్లో వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే తిరిగి చూడకూడదు. ఈ సంగతి మా ఊళ్ళో పాలు మరవని పిల్లలకు కూడా తెలుసు. చూడకుండా... మెట్లు లెక్కపెట్టాలి.

పదిహేడో మెట్టు దగ్గర ఆ అడుగు తడబడిందా — మనిషే. తడబడలేదా... గోడకు అతుక్కుని నిలబడి, దాన్ని పోనివ్వాలి.

ఎందుకో చెబుతాను. ఆ మెట్లు స్తంభం చుట్టూ కుడివైపు తిరుగుతూ పైకి పోతాయి. ఎక్కి వచ్చే శత్రువు కత్తి చెయ్యి స్తంభానికి తగిలి ఆడకూడదని అలా కట్టారట. మిగతావన్నీ జానెడు ఎత్తు, పదిహేడోది మాత్రం జానా బెత్తెడు. తెలియనివాడు అక్కడ బోర్లా పడాల్సిందే. అప్పటి కోటవాళ్ళ కాళ్ళకు మాత్రం అది అలవాటే. అందుకే దాన్ని దొంగమెట్టు అన్నారు.

బురుజు అడుగున వాకిలి లేని గొయ్యి ఒకటుంది. వెనకటి రోజుల్లో ఒక కావలివాడు ఒక్క గంటసేపు కన్ను మూశాడు. ఆ గంటలోనే శత్రువులు గోడకు నిచ్చెనలు వేశారు. తెల్లారాక వాడిని తాడు కట్టి ఆ గొయ్యిలోకి దించి, తాడు పైకి లాగేశారు. పెళ్ళాం పిల్లలను మంచులోకి గెంటి తలుపు వేశారు. అప్పటినుంచి వాడు ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాడంటారు.

వాల్బుర్గా ఇవేవీ నమ్మే మనిషి కాదు. ఆమె భర్త కిలియాన్ ముప్పై ఏళ్ళుగా ఆ బురుజుకు కావలివాడు. మెట్ల సగంలో ఉన్న గదిలోనే ఇద్దరి కాపురం; దొంగమెట్టు లెక్క మొదలయ్యేది ఆ గది గడప నుంచే. రాత్రంతా గంట గంటకూ పైకెక్కి నాలుగు దిక్కులకూ కొమ్ముబూర ఊదాలి. మెలకువగానే ఉన్నానని ఊరికి చెప్పడమన్నమాట. ఒక్క గంట తప్పితే కొలువూ పోతుంది, గదీ పోతుంది. తప్పకుండా కొలువు చేస్తూ కన్నుమూస్తే మాత్రం ఆ గది భార్యకే, ఆమె బతికున్నన్నాళ్ళూ. అది ఊరి కట్టుబాటు.

ఆ చలికాలం కిలియాన్‌కు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. మంచం దిగితే దగ్గు, దగ్గితే నెత్తురు. తొమ్మిది రాత్రులుగా అతని కోటు తొడుక్కుని వాల్బుర్గాయే బూర ఊదుతోంది.

"మీ ఆయన బూర ఈ మధ్య అదిరిపోతోందమ్మోయ్," అంది సంతలో బాతులమ్మే గెర్‌ట్రౌట్. "పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు కూడా అంత ఊపిరి లేదుగా?"

"ముల్లంగి తింటున్నాడులే వదినా."

పక్కనే ఉన్న ఊరి గుమస్తా ఓస్వాల్డ్ మాత్రం నవ్వలేదు. "ముల్లంగి తింటే బూర సన్నగా పలుకుతుందా, వాల్బుర్గా? ఇవాళ రాత్రి నేను నిద్రపోను. వింటాను."

ఇంటికొచ్చి చెబితే కిలియాన్ మోచెయ్యి ఆనించి లేవబోయాడు.

"ఏమే... నన్ను లేపు. మూడింటిది ఒక్కటి నేను ఊదుతాను."

"నోరు మూసుకుని పడుకోవయ్యా. మెట్లెక్కితే మిగుల్తావా నువ్వు?"

ఆ రాత్రి మంచు ఆగకుండా కురిసింది. రెండింటి బూర ఊది, దాన్ని పైన కొక్కేనికి తగిలించి వచ్చి, వాల్బుర్గా పొయ్యి పక్కన కూర్చుంది. ఒక్క నిమిషం... చేతులు వెచ్చబడేదాకా.

గుడి గంట మూడు కొట్టడంతో ఉలిక్కిపడి లేచింది. భుజాల మీద దుప్పటి ఉంది. ఎవరు కప్పారని ఆలోచించే తీరిక లేదు. మంచం తెర దించే ఉంది. లాంతరు అందుకుని మెట్ల వైపు పరుగెత్తింది.

నాలుగు మెట్లు ఎక్కిందో లేదో, బాణాలు వేసే సందులోంచి గాలి కొట్టి లాంతరు ఆరిపోయింది. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. గోడ తడుముకుంటూ లెక్కపెట్టింది. పది... పదకొండు... పన్నెండు...

పైన బూర మోగింది.

ఒకసారి. రెండోసారి. మూడోది గరగరలాడి, సగంలో తెగి, మళ్ళీ అందుకుంది. నాలుగోది సన్నబడి... సన్నబడి... ఆగిపోయింది.

వాల్బుర్గా ఉన్నచోటే ఉండిపోయింది.

కాసేపటికి పైనుంచి అడుగులు. టక్... టక్... తొందర లేదు. బరువుగా ఒక్కో మెట్టూ దిగుతున్నాయి. దొంగమెట్టు దగ్గరికి వచ్చాయి. ఆమె ఊపిరి బిగబట్టింది.

తడబడలేదు.

గోడకు అతుక్కుపోయింది. ఏదో చల్లగా ఆమె పక్కనుంచి దాటిపోయింది. ఆ చలిలో ఒక వాసన — రోజూ కిలియాన్ గుండెకు తను రాసే బాతు కొవ్వు వాసన.

"కిలియాన్... నువ్వేనా?" అంది గుసగుసగా.

అడుగులు గదిలోకి వెళ్ళాయి. మళ్ళీ బయటికి వచ్చి, ఇంకా కిందికి... గొయ్యి ఉన్న వైపుకి దిగిపోయాయి.

గదిలోకి పరుగెత్తి తెర తీసింది. కిలియాన్ వెల్లకిలా, తిన్నగా పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ ఎదమీద చేర్చి ఉన్నాయి. అరికాళ్ళకు అంటిన మంచు ఇంకా కరగలేదు. పెదాల మీద బూర మూతి పడిన ఎర్రటి గాటు. ఊపిరి లేదు.

తెల్లారగానే వైద్యుడు వచ్చి చూశాడు. "ఈ జబ్బుతో అంత ఎత్తు ఎక్కడమా? ఎలాగో దిగి వచ్చి ప్రాణం వదిలాడు," అన్నాడు.

గుమస్తా ఓస్వాల్డ్ టోపీ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. "మూడింటి బూర నా చెవులతో విన్నాను. అది కిలియాన్ ఊపిరే. ఈ గది నీదే, వాల్బుర్గా. నిన్న సంతలో అన్న మాట... మనసులో పెట్టుకోకు."

ఆమె తల ఊపింది. ఆమె కళ్ళు మంచం కింద ఉన్న కిలియాన్ బూట్ల మీద ఉన్నాయి. ఆ బూట్లు పొడిగా ఉన్నాయి. తను లేస్తుందేమోనని వట్టి కాళ్ళతో వెళ్ళాడన్నమాట. మరి వట్టి కాళ్ళకు టక్ టక్‌మనే చప్పుడెక్కడిది?

అందరూ వెళ్ళాక, బూర తెద్దామని ఒంటరిగా పైకెక్కింది. మంచు తెల్లవారుజామునే ఆగింది. పైన ఇంకా ఎవరూ అడుగు పెట్టలేదు.

మంచులో కిలియాన్ వట్టి పాదాల గుర్తులు పూడీ పూడకుండా ఉన్నాయి. తూర్పు పిట్టగోడ దగ్గర, దక్షిణం దగ్గర, పడమర దగ్గర. ఉత్తరం దగ్గర మోకాళ్ళ గుర్తులు, ఒక చెయ్యి గుర్తు, పక్కన పడి ఉన్న బూర.

అక్కడినుంచి మెట్ల వైపు ఆ పాదాలు తిరిగి రాలేదు.

తిరిగి వచ్చినవి వేరే జోడువి. మడమ లేని, ముందువైపు మొనదేలిన, ఇప్పుడెవరూ తొడగని పాతకాలపు జోడు. ప్రతి అడుగూ మంచులో లోతుగా దిగబడి ఉంది... రెండు చేతులా ఒక మనిషిని మోసుకుపోతున్నవాడి అడుగుల్లా.