నాలుగర్థాల మాట

మెచ్చుకున్నందుకు అతనికి తిట్టు దక్కింది. అది జరిగిన సంగతి. అందులో వాదనకి చోటు లేదు.

నిఘంటువు ఆఫీసులో అతను పేజీలు కూర్చేవాడు. ఆమె ఇంగ్లీషు మాటల పుట్టుక తవ్వి రాసేది. అందరూ మాటలమ్మాయి అనేవారు. ఒకరోజు ఆమె పేజీ అంచున పెన్సిలుతో ‘నైస్’ అని రాశాడు. ఆ ఒక్క మాట రాయడానికి రెండు నెలలు ధైర్యం కూడగట్టుకున్నాడు.

పేజీ తిరిగొచ్చింది. కింద ఆమె రాత: ‘తెలివితక్కువ ఎవరికి? నాకా, మీకా?’

ఏం తప్పు రాశాడో అంతు పట్టలేదు. తొమ్మిది రోజులు మాటల్లేవు. కిటికీ అవతల వాన. ఇవతల ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడే ఉరుము.

పదో రోజు కూర్చడానికొచ్చిన పేజీల్లో ‘నైస్’ ఉంది. చదివి తల పట్టుకున్నాడు. దాని తాత లాటిన్‌లో ‘నెస్కియుస్’, అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచివాళ్ల నోట్లో పడి మొద్దయ్యాడు. ఇంగ్లీషులో మొదట ఆ మొద్దే, తర్వాత కొన్నాళ్లు బిడియం, కొన్నాళ్లు పట్టింపు. బాగుండటం చిట్టచివర.

పేజీ తీసుకుని ఆమె బల్ల దగ్గరికెళ్లాడు.

“రెండు లైన్లు ఎక్కువయ్యాయండీ. అర్థానికో లైను. ఏవి తీసేయమంటారు?”

“మీ ఇష్టం. మీకన్నీ నైస్‌గానే ఉంటాయిగా!”

“నాది పల్లెటూరి చదువు. ఆఖరి అర్థం ఒక్కటే తెలుసు. ఈ తాతలెవరో నాకేం తెలుసు?”

ఆమె తలెత్తింది. “నిజంగానా?”

“ఒట్టు. మొదటి అర్థం నాకే సరిపోయింది.”

నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. “మొదటిది మీరు. మరి ఆఖరిది?”

“మీరు.”

చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరివీ.

“అయితే ఆ రెండూ ఉండాల్సిందే.” పెన్సిలు లాక్కుంది. “మధ్యలో ఉన్నవి బిడియం, పట్టింపు. కొట్టేస్తున్నా. ఇక అడగాల్సింది అడగండి.”

అడిగాడు.

“ఊఁ,” అంది. “మా నాన్న దగ్గరికొచ్చినప్పుడు మాత్రం నైస్ అనకండి. ఆయన లాటిన్ మాస్టారు.”

పుస్తకం అచ్చయ్యాక ఎడిటర్ నిలదీశాడు: “మధ్య అర్థాలు రెండూ ఏమయ్యాయోయ్?”

చోటు చాలలేదన్నాడు. పెళ్లిలో స్నేహితులు చుట్టుముట్టి అడిగినా అంతే చెప్పాడు. ఆ తర్వాత ఎవరడిగినా నోరు విప్పలేదు. ఇక విప్పడు.