ఇత్తడి తవ్వకి చిల్లు

నానమ్మ మహాలక్ష్మమ్మ భోంచేసి కునుకు తీస్తోంది. పెరట్లో రుబ్బురోలు పక్కన దీపిక ఇత్తడి తవ్వని బోర్లించి, అడుగున మేకు పెట్టి, రాయితో కొడుతోంది. నాలుగు దెబ్బలకి మేకు దిగింది. చిల్లు పడింది.

తవ్వ అంటే గింజలు కొలిచే పాత్ర. సాలూరు బజారులో దీపిక వాళ్ల కొట్లో బల్ల కింద పడుంటుంది. నాన్న గోవిందరావు ఎలక్ట్రానిక్ కాటా మీదే అన్నీ తూస్తాడు. మరి ఈ తవ్వ ఎవరిక్కావాలి? దీపిక అలాగే అనుకుంది. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. మేకు సంగతి ఆ తర్వాత.

ఇదంతా జగదీశ్వరి టీచర్ చెప్పిన పని. ఇంట్లో ఓ మూలని పూలతో, పాత వస్తువులతో అలంకరించాలి. ఏదీ కొనకూడదు. ఫోటో తీసి తెచ్చి, దాని గురించి క్లాసులో మాట్లాడాలి. బాగున్న ఫోటోని పెద్దది చేసి గోడకి పెడతారు.

దీపిక ఫోన్లో వీడియోలు చూసింది. అందరూ 'వింటేజ్, వింటేజ్' అంటున్నారు. వింటేజ్ అంటే పాతదే. పాత సామాను అంటే మొహం తిప్పుకునేవాళ్లే వింటేజ్ అంటే ఆగి చూస్తారు. అదో పిచ్చి.

ముందు గదిలో గోడకి ఓ గూడు ఉంది. అందులో పాత లారీ హారన్ పెట్టింది. రబ్బరు బుడ్డి నొక్కితే బోం అంటుంది. లారీ షెడ్డు త్రినాథ్ మావ ఇచ్చాడు. దాని పక్కన తవ్వ. అంచుకి ఎర్ర రంగేసి, మట్టి నింపి, ముద్దబంతి మొక్క నాటింది. ఫోటో అదిరిపోయింది.

మర్నాడు సంత. బడికి సెలవు. కొండ దిగి దేముడమ్మ చోళ్ల బస్తా తెచ్చింది. చోళ్లంటే రాగులే. తవ్వ చోళ్లిస్తే తవ్వ బియ్యం, అదీ లెక్క. ఎప్పుడూ సంత రోజు దీపిక బళ్లో ఉంటుంది కాబట్టి ఈ సంగతి ఆమెకి తెలీదు.

"తవ్వేదమ్మా?" అడిగింది దేముడమ్మ.

నానమ్మ బల్ల కింద చూసింది. బస్తాల వెనక చూసింది. "గోవిందూ, తవ్వేటైందిరా?"

"నాకేం తెలుసమ్మా? కాటా ఉంది కదా, తూచేద్దాం."

"నీ కాటాలో ఏటి రాసుంటాదో నాకేటి ఎరిక బాబూ," అంది దేముడమ్మ. "తవ్వైతే నిండిందో లేదో నా కళ్లకి తెలుస్తాది. ఈ సందు సివర కొట్లో రెండు తవ్వలున్నాయి. నా సోళ్లు కొలిసేటప్పుడు పెద్దది, నాకు బియ్యం పోసేటప్పుడు సిన్నది. మీ కొట్లో ఇద్దరికీ ఒకటే తవ్వ. అందుకే ఇంత దూరం వస్తన్నాను." బస్తా తనవైపు లాక్కుంది. "మీరూ మార్చేసేరా ఏటి?"

నానమ్మ నోరు ఊరికే ఉండే రకం కాదు. కూరగాయలావిడతో, కరెంటాయనతో, కాకులతో కూడా మాట్లాడుతుంది. ఇప్పుడు మాత్రం వంగి బల్ల కిందే మళ్లీ వెతికింది. ఇన్నేళ్లలో ఆమెని ఎవరూ అలా అడగలేదు.

దేముడమ్మ బస్తా మూతి ముడేసింది.

గుమ్మం దగ్గర నిలబడి దీపిక అంతా వింది. నోరు మూసుకుంటే ఫోటో గోడకెక్కుతుంది. దేముడమ్మ సందు చివరికి పోతుంది. నానమ్మ దొంగ కొలతల మనిషి అయిపోతుంది.

లోపలికి పరిగెత్తింది. బంతిమొక్కతో సహా తవ్వ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నేనే తీసాను నానమ్మా. ఎవరికీ అక్కర్లేదనుకున్నాను. అడుగున చిల్లు కూడా పెట్టేసాను."

"ఎవుర్ని అడిగేవే?"

"ఎవర్నీ అడగలేదు."

నానమ్మ తిట్టలేదు. తవ్వని పక్కకి వంచి అడుగున చిల్లులో వేలు పెట్టి చూసింది. తిట్టినా బాగుండేది.

దేముడమ్మ వంగి ఎర్ర అంచు చూసింది. "ఏటే పిల్లా, దీన్ని పెళ్లికూతుర్ని సేసేవా?" అని నవ్వింది. ముడి మాత్రం విప్పలేదు.

"దేముడమ్మ మామ్మా, నువ్వు వెళ్లిపోకు. ఇప్పుడే వస్తాను."

దీపిక మొక్కని పీకి ఖాళీ నూనె డబ్బాలో నాటింది. తవ్వ కడిగింది. త్రినాథ్ షెడ్డుకి ఒకటే పరుగు.

"లారీలకి అతుకులేసేవోడిని, నాకు తవ్వలు తెస్తావేటే?" అన్నాడు త్రినాథ్. అంటూనే తిప్పి చూశాడు. "లోపల అతుకేస్తే కొలత తగ్గిపోద్ది. బయట నుంచి ఎయ్యాల."

మంట బుస్సుమంది. చిల్లు మూసుకుంది. అడుగున శనగగింజంత బుడిపె మిగిలింది.

దీపిక తిరిగి వచ్చేసరికి దేముడమ్మ బస్తా మీదే కూచుని ఉంది. తవ్వ నిండా నీళ్లు పోసి, దాన్ని తలకంటే పైకి ఎత్తి పట్టుకుని కింద నుంచి చూసింది. లోపల బొటనవేలితో తడిమింది. చుక్క కారలేదు. కొంగుతో తుడిచి ముడి విప్పింది.

"ఈ పిల్ల సేతే కొలిపించమ్మా."

దీపిక చోళ్లు పోసి అరచేత్తో అదిమింది. నానమ్మ చెయ్యి పట్టుకుంది. "అదమకే. అదిమితే ఇంకో గుప్పెడు పడతాది. ఆ గుప్పెడు ఆవిడది."

దీపిక తవ్వ ఖాళీ చేసి మళ్లీ పోసింది. అదమకుండా. బియ్యమూ అలాగే పోసింది.

సాయంత్రం దీపిక ఫోన్లోంచి పాత ఫోటో తీసేసింది. తవ్వనీ, బంతిమొక్క డబ్బానీ గూట్లో పెట్టి, మళ్లీ సంత వచ్చేదాకా ఆగింది. ఆ పొద్దున్నే గూట్లోంచి తవ్వ తీసి, తుడిచి, నానమ్మ చేతికిచ్చింది. తర్వాత గూడుని ఫోటో తీసి, దాన్ని పట్టుకుని బడికి పోయింది.

జగదీశ్వరి టీచర్ ఫోటోని దగ్గరగా పెట్టుకు చూసింది. "హారన్ ఉంది. డబ్బాలో బంతిమొక్క ఉంది. మధ్యలో ఖాళీ ఏంటి? గుండ్రటి మచ్చ కూడా కనిపిస్తోంది."

"దొంగలెత్తుకుపోయారు టీచర్," అంది వెనక బెంచీ నుంచి మహతి. అందరూ నవ్వారు.

దీపిక కూడా నవ్వింది. "అక్కడ మా తవ్వ ఉంటుంది టీచర్. ఇవాళ సంత కదా. పనికెళ్లింది."